సెమాంటిక్ వెబ్ నేర్చుకునేవాళ్ళకి: ఏ టూల్ ముందు, ఏది తర్వాత, దేనికి డబ్బు దండగ

ముందే చెప్పేస్తాను, వర్గీకరణలు గీసే ప్రొటెజే అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టకండి. సెమాంటిక్ వెబ్ నేర్పిస్తాం అనగానే చాలాచోట్ల ముందు ఆ సాఫ్ట్‌వేరే ఇన్‌స్టాల్ చేయిస్తారు, క్లాసులు గీయిస్తారు, ఆంటాలజీ (ఒక రంగంలో ఏ రకాల వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అనే వర్ణన) అంటే ఏమిటో నాలుగు నిర్వచనాలు రాయిస్తారు, వారం తిరిగేసరికి సగం మంది జారుకుంటారు. తప్పు ప్రొటెజేది కాదు, అది మంచి టూల్, దాని గురించి కింద వివరంగానే రాశాను. కానీ డేటా ఒక్క ముక్క చూడకుండా, దాన్ని ఒక్క ప్రశ్న అడగకుండా, వర్గీకరణ దగ్గర మొదలుపెడితే ఎవరికైనా విసుగే. ఈ విద్య క్వెరీతో మొదలవ్వాలి. లైబ్రరీ కేటలాగులు, ఊళ్ళ పేర్ల జాబితాల మీద పనిచేస్తూ కొన్నేళ్ళుగా ఈ టూల్స్ వాడుతున్నాను, తెలుగు డేటా దగ్గర ఏది నిలబడుతుందో ఏది తేలిపోతుందో చూశాను, అందుకే ఈ రివ్యూ.

అసలు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మెషీన్లకి కూడా అర్థమయ్యేలా డేటాని రాసి, వెబ్‌లో ఒకదానికొకటి కలపడమే సెమాంటిక్ వెబ్. సమాచారాన్ని టేబుల్‌లో వరసలుగా కాకుండా మూడు భాగాలున్న చిన్న వాక్యాలుగా రాస్తారు: తెలంగాణ, రాజధాని, హైదరాబాద్. దీన్ని ట్రిపుల్ అంటారు. ఇందులో ప్రతి భాగానికీ వెబ్‌లో ఒక అడ్రస్ ఉంటుంది (పేర్లు, అంకెలు, తేదీల్లాంటి మామూలు విలువలు తప్ప), కాబట్టి ఒకరు రాసిన వాక్యాన్ని ఇంకొకరి వాక్యానికి కలుపుకోవచ్చు. ఈ పద్ధతి పేరు ఆర్‌డీఎఫ్, వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని 1999లో ప్రమాణంగా ప్రకటించింది. దీన్ని ప్రశ్నలడిగే భాష స్పార్కల్, 2008లో వచ్చింది, ఇప్పుడు అందరూ వాడే 1.1 వెర్షన్ 2013 నాటిది. 2001లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మరో ఇద్దరితో కలిసి సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో ఊహించినంతగా ప్రపంచం మారలేదు గానీ, వికీపీడియాకి తోడుగా అందరూ కలిసి రాసే డేటా భండారం వికీడేటా, ప్రొటీన్ల సమాచారమంతా పెట్టిన యూనిప్రాట్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ పేర్ల జాబితాలు, వెబ్ పేజీల్లో కనిపించకుండా ఉండే స్కీమా.ఆర్గ్ గుర్తులు, ఇవన్నీ ఈ కుదురులోంచి వచ్చినవే. అంటే ఇది చచ్చిపోయిన టెక్నాలజీ అని ఎవరైనా అంటే నమ్మకండి.

మొదటి స్థానం నా దృష్టిలో వికీడేటా క్వెరీ సర్వీస్‌ది. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, డబ్బు లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు. వికీడేటా 2012 అక్టోబరులో మొదలైంది, ఇప్పుడు 10 కోట్ల ఐటమ్స్ దాటింది, ఈ క్వెరీ పేజీ 2015లో వచ్చింది. పెట్టెలో క్వెరీ రాస్తారు, నీలం బటన్ నొక్కుతారు, కింద జవాబు వస్తుంది. కొత్తవాళ్ళని అన్నిటికంటే భయపెట్టేది నంబర్లు. వికీడేటాలో ప్రతి వస్తువుకీ క్యూ నంబరు, ప్రతి సంబంధానికీ పీ నంబరు ఉంటాయి. హైదరాబాద్ క్యూ1361, తెలుగు భాష క్యూ8097, ‘ఫలానా రకానికి చెందినది’ అనే సంబంధం పీ31. ఇవన్నీ బట్టీ పట్టాలా అని టెన్షన్ పడక్కర్లేదు. ప్రిఫిక్స్ (నంబరు ముందు రాసే చిన్న గుర్తు, అడ్రస్‌కి పొట్టి రూపం) రాసి పక్కనే పేరు మొదలుపెట్టి కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే జాబితా వస్తుంది, అందులోంచి ఎంచుకుంటే నంబరు దానంతటదే పడుతుంది. రాసేసిన నంబరు మీద మౌస్ పెడితే అదేమిటో చెబుతుంది. ఈ ఒక్క సౌకర్యం వల్లే నేను దీన్ని మొదటి స్థానంలో పెట్టాను.

ఇంకోటి, జవాబుని టేబుల్‌గానే కాక మ్యాప్ మీద, టైమ్‌లైన్‌గా, బొమ్మల గ్రిడ్‌గా చూడొచ్చు. మీ జిల్లాలో వికీడేటాకి తెలిసిన గుళ్ళు ఏవి, వాటిలో అక్షాంశ రేఖాంశాలు ఉన్నవెన్ని అని అడిగి మ్యాప్ తెరిచి చూడండి. ఎక్కడ చుక్కలు గుంపుగా ఉన్నాయో, ఏ మండలాలు ఖాళీగా ఉన్నాయో చూసేసరికి డేటా అంటే ఏమిటో, డేటా లేకపోవడం అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. ఏ క్లాసులోనూ ఇంత త్వరగా అర్థం కాదు.

ఇప్పుడు తెలుగు సంగతి. క్వెరీలో లేబుల్ సర్వీస్ అని ఒక లైను ఉంటుంది, నంబర్లకి బదులు పేర్లు చూపించమని అడగడానికి. అక్కడ భాష దగ్గర తెలుగు కోడ్ ఒక్కటే ఇస్తే, తెలుగు పేరు ఉన్నవి తెలుగులో వస్తాయి, లేనివి క్యూ నంబర్లుగానే మిగిలిపోతాయి. తెలుగు తర్వాత కామా పెట్టి ఇంగ్లీషు కూడా ఇస్తే ఆ ఖాళీలు ఇంగ్లీషుతో నిండుతాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ నేను కావాలనే చాలాసార్లు తెలుగు ఒక్కటే ఇస్తాను. నంబరుగా మిగిలిన ప్రతి లైనూ మనవాళ్ళెవరూ పేరు రాయని వస్తువే. ఆ నంబరు మీద క్లిక్ చేసి, పేజీ తెరిచి, తెలుగు పేరు రాసి సేవ్ చేస్తే కాసేపట్లో అది క్వెరీలో కనిపిస్తుంది. 2003 నుంచి తెలుగు వికీపీడియాలో రాస్తున్నవాళ్ళు ఎన్నో ఊళ్ళకి వ్యాసాలు రాసి పెట్టారు కాబట్టి ఊళ్ళ దగ్గర పరిస్థితి నయం, కానీ చేతివృత్తుల పనిముట్లు, మొక్కలు, సైన్సు పదాల దగ్గరికి వెళ్తే నంబర్లే నంబర్లు. నేర్చుకునే పనిలోనే భాషకి పనికొచ్చే పని జరిగిపోతుంది, ఇంతకంటే ఏం కావాలి.

ఇక్కడే ప్రతి తెలుగువాడూ తగిలించుకునే ఒక దెబ్బ ఉంది, చెప్పి తీరాలి. ‘విజయవాడ’ అని కోట్స్‌లో పెట్టి, ఆ లేబుల్ ఉన్న ఐటమ్ ఇవ్వమని అడిగితే జవాబు సున్నా. టేబుల్ ఖాళీ, ఎర్రర్ కూడా రాదు. ఎందుకంటే ఆర్‌డీఎఫ్‌లో ఉత్త ‘విజయవాడ’ వేరు, తెలుగు అని భాష గుర్తు తగిలించిన ‘విజయవాడ’ వేరు. రెండూ కంటికి ఒకటే, మెషీన్‌కి మాత్రం రెండు వేర్వేరు విలువలు. కోట్స్ పక్కన ఆట్ గుర్తు పెట్టి టీఈ అని రాస్తే వెంటనే దొరుకుతుంది. అది రాశాక కూడా దొరకలేదంటే అనుమానించాల్సింది కనపడని అక్షరాన్ని. ‘నిజామాబాద్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య మన కీబోర్డులు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే సున్నా వెడల్పు అక్షరాన్ని పెడుతుంటాయి. ఒకరి డేటాలో అది ఉంటుంది, ఇంకొకరి డేటాలో ఉండదు, రెండు ఫైళ్ళూ కలవవు. ఇంగ్లీషు ట్యుటోరియల్స్ రాసేవాళ్ళకి ఈ బాధ తెలియదు కాబట్టి వాటిలో ఎక్కడా ఇది కనిపించదు. పోల్చే ముందు ఆ అక్షరాన్ని రెండు వైపులా తీసేయండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

వికీడేటా వాళ్ళ స్పార్కల్ ట్యుటోరియల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం మీద ఉచితంగా దొరికే పాఠాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. జర్మన్ సంగీతకారుడు బాఖ్ పిల్లల్ని వెతకడంతో ముందుకు కదులుతుంది. ముందు బాఖ్ తండ్రిగా ఉన్నవాళ్ళందరూ, తర్వాత వాళ్ళలో ఫలానా తల్లికి పుట్టినవాళ్ళు, తర్వాత మనవలు, ఇలా ఒక్కో లైను కలుపుకుంటూ పోతుంది. ప్రతి క్వెరీ పక్కనే రన్ చేసి చూసుకునే లింకు. చదవడం కాదు, చేయడం. కాకపోతే మధ్యలో క్వాలిఫైయర్స్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది, అక్కడ చాలామంది ఆగిపోతారు, ఆగొద్దు, మనకి దానికంటే సులువైన ఉదాహరణ ఇంట్లోనే ఉంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు తెలంగాణలో 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. విజయవాడ ఏ జిల్లాలో ఉంది అంటే 2022 ముందైతే కృష్ణా, తర్వాతైతే ఎన్టీఆర్. ఉత్త ట్రిపుల్‌లో ఈ సంగతి చెప్పలేం, తేదీ ఎక్కడ పెడతాం? అందుకే వికీడేటాలో ఆ వాక్యానికి మొదలు తేదీ, ముగింపు తేదీ తగిలిస్తారు, వాటినే క్వాలిఫైయర్స్ అంటారు. మామూలు షార్ట్‌కట్ ప్రిఫిక్స్‌తో అడిగితే ‘ప్రస్తుతం సరైనది’ అని పైకెత్తి పెట్టిన వాక్యం ఉంటే అదొక్కటే వస్తుంది, పాత జిల్లా రాదు. పాతదీ కొత్తదీ తేదీలతో సహా కావాలంటే వాక్యం లోపలికి దిగి అడగాలి, దానికి ఇంకో జత ప్రిఫిక్స్‌లు. ఇక చాలా ఊళ్ళకి కొత్త జిల్లా రాయకుండా పాతదే మిగిలి ఉండొచ్చు, లేదా తేదీల్లేకుండా రెండూ పక్కపక్కన ఉండొచ్చు, అప్పుడు ఒకే ఊరు జవాబులో రెండుసార్లు వస్తుంది. మీ సొంత మండలం తీసుకుని ఈ క్వెరీ రాసి చూడండి, తప్పు కనిపిస్తే సరిచేయండి. క్వాలిఫైయర్స్ మళ్ళీ మర్చిపోరు.

ఈ సర్వీసులో లోపం లేదా అంటే ఉంది, పెద్దదే. 60 సెకన్లలో జవాబు రాకపోతే క్వెరీ ఆగిపోతుంది. దీని వెనకాల పనిచేసే బ్లేజ్‌గ్రాఫ్ అనే డేటాబేస్ అభివృద్ధి ఎప్పుడో ఆగిపోయింది, వికీడేటా మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ బరువు మోయలేకే 2025లో పరిశోధన పత్రాల డేటాని విడదీసి వేరే అడ్రస్‌కి మార్చారు. కాబట్టి పాత పాఠాల్లో పరిశోధన పత్రాల మీద రాసిన క్వెరీలు ఇప్పుడు ప్రధాన పేజీలో ఖాళీ జవాబిస్తే మీ తప్పనుకోకండి. పెద్ద లెక్కలు కావాలంటే, ఉదాహరణకి తెలుగు లేబుల్ ఉన్న ఐటమ్స్ మొత్తం రకాలవారీగా లెక్కపెట్టాలంటే, క్లెవర్ దగ్గరికి వెళ్ళండి. జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఇంజిన్ ఇది, వికీడేటా మొత్తం ఎక్కించి అందరికీ తెరిచి పెట్టారు. వికీడేటా సొంత పేజీలో టైమౌట్ కొట్టే క్వెరీలు చాలా ఇందులో చిటికెలో వచ్చేస్తాయి, టైప్ చేస్తుంటే తర్వాత ఏం రాయొచ్చో కూడా డేటా చూసి సూచిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, వికీడేటా లేబుల్ సర్వీస్ వాళ్ళ సొంత ఏర్పాటు, స్పార్కల్ ప్రమాణంలో భాగం కాదు, కాబట్టి బయట లేబుల్‌ని మీరే అడిగి, భాషని ఫిల్టర్ చేసుకోవడం అలవాటు చేసుకోండి. నిజానికి అది మొదట్నుంచీ అలవాటైతేనే మంచిది.

క్వెరీలు చేతికి వచ్చాక సొంతంగా డేటా రాయాలి. దీనికి కొనాల్సినదేమీ లేదు, నోట్‌ప్యాడ్ చాలు. డబ్ల్యూ3సీ వాళ్ళ ఆర్‌డీఎఫ్ 1.1 ప్రైమర్ 2014లో వచ్చింది, బాబ్ అనే మనిషి, అతనికి ఇష్టమైన మోనాలిసా చిత్రం, ఈ రెండింటి చుట్టూ కథంతా నడుస్తుంది. ప్రమాణాల పత్రాలంటే చదవలేం అని భయపడేవాళ్ళు కూడా ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయేంత హాయిగా ఉంటుంది. అందులో టర్టిల్ అనే రాత పద్ధతి భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి, ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, పాత వెబ్‌సైట్లు అదే చూపించి జనాన్ని హడలగొట్టాయి. టర్టిల్‌లో మీ ఇంట్లో ఉన్న పుస్తకాల గురించి ఒక 20 ట్రిపుల్స్ రాయండి. వాక్యం ముగిస్తే చుక్క, అదే వస్తువు గురించి ఇంకా చెప్పాలంటే సెమికోలన్, అంతే వ్యాకరణం. 1956 అని ఉత్తగా రాస్తే అంకె, కోట్స్‌లో రాస్తే మాట. ఆ తేడా గమనించకుండా రాసి, 1950 తర్వాత వచ్చిన పుస్తకాలు చూపించమంటే కోట్స్‌లో ఉన్నవి ఒక్కటీ రావు.

రాసిన ఫైలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి అపాచీ జెనా అనే ఆర్‌డీఎఫ్ పనిముట్ల పెట్టెని డౌన్‌లోడ్ చేసుకోండి, అందులో రయట్ అని చిన్న కమాండ్ ఉంది. తప్పు ఏ లైనులో, ఏ కాలమ్‌లో ఉందో చెబుతుంది, ప్రిఫిక్స్ ప్రకటించడం మర్చిపోతే ఆ ప్రిఫిక్స్ పేరు పెట్టి మరీ చెబుతుంది. ఎర్రర్ మెసేజ్ చదివితే అర్థమయ్యే టూల్స్ ఈ రంగంలో తక్కువ కాబట్టి దీనికి నా దగ్గర ప్రత్యేకమైన గౌరవం. జెనా 2000 ప్రాంతంలో హెచ్‌పీ వాళ్ళ బ్రిస్టల్ ల్యాబ్‌లో పుట్టింది, 2012 నుంచి అపాచీ ప్రాజెక్టు, ఇన్నేళ్ళయినా వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. జావా కావాలి, జెనా 5 అయితే జావా 17 లేదా ఆపైది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాత జావా ఉంటే అదొక్కటే చిక్కు. ఇదే ప్రాజెక్టులో విడిగా దొరికే ఫుసేకి అనే సర్వర్‌ని ఒక్క కమాండ్‌తో లేపి, బ్రౌజర్‌లో 3030 పోర్టు తెరిస్తే మీ సొంత స్పార్కల్ సర్వీస్ మీ ల్యాప్‌టాప్‌లోనే. ఫైలు లాగి పడేయండి, క్వెరీ రాయండి. వికీడేటాలో నేర్చుకున్నదంతా మీ డేటా మీద పనిచేయడం చూసినప్పుడు కలిగే ఉత్సాహం వేరు.

పైథాన్ వచ్చినవాళ్ళు ఆర్‌డీఎఫ్‌లిబ్ అనే పైథాన్ ప్యాకేజీ తీసుకోండి. పిప్‌తో ఒక్క లైనులో వస్తుంది, టర్టిల్ చదువుతుంది, జేసన్-ఎల్‌డీగా (ఆర్‌డీఎఫ్‌ని జేసన్ రూపంలో పెట్టే పద్ధతి) రాస్తుంది, స్పార్కల్ క్వెరీ కూడా నడుపుతుంది. ఎక్సెల్ షీట్ నుంచి ట్రిపుల్స్ తయారుచేయడం లాంటి పనులకి దీన్ని మించింది లేదు. మామూలుగా మొత్తం డేటాని మెమరీలో పెట్టుకుంటుంది కాబట్టి లక్షల ట్రిపుల్స్ దాటాక నెమ్మదిస్తుంది, క్వెరీ ఇంజిన్ కూడా వేగానికి పేరున్నది కాదు. తయారీ దీంతో, నిల్వ ఫుసేకిలో, అదీ నా పద్ధతి.

ఫుసేకిలాగే ట్రిపుల్స్ నిల్వచేసే గ్రాఫ్‌డీబీ గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. బల్గేరియాలోని ఆంటోటెక్స్ట్ కంపెనీది, 2024లో ఆ కంపెనీ ఇంకోదానితో కలిసి గ్రాఫ్‌వైజ్ అయింది. చూడ్డానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, ట్రిపుల్స్‌ని బొమ్మగా గీసి ఒక్కో చుక్క మీద నొక్కుతూ విస్తరించుకుంటూ పోవచ్చు, పై అధికారులకి చూపించాలంటే ఇదే. రీజనింగ్, అంటే రాసిన వాటి నుంచి రాయనివి తేల్చడం, లోపలే ఉంది. ఉచిత వెర్షన్ నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతుంది, ఒకేసారి రెండు క్వెరీలకి మించి నడవవు, ఒంటరిగా వాడేవాళ్ళకి అది పరిమితే కాదు. పేరు, ఈమెయిల్ ఇచ్చి తీసుకోవాలి. టీమ్ మొత్తానికి పెట్టాలంటే డబ్బు కట్టాల్సిందే, ఆ స్థాయికి వెళ్ళకముందే ఫుసేకి చాలదని రుజువు చేసుకోండి. మన కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో నాలెడ్జ్ గ్రాఫ్ అని ఉంటే అది చాలాసార్లు నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్ అయ్యుంటుంది, అది వేరే కుటుంబం, దాని క్వెరీ భాష సైఫర్, స్పార్కల్ కాదు. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఏది అడుగుతున్నారో కనుక్కోండి.

ఓపెన్‌రిఫైన్ దగ్గర కాస్త ఆగాలి. ఇది అచ్చంగా సెమాంటిక్ వెబ్ టూల్ కాదు, చెత్తగా ఉన్న టేబుల్స్‌ని శుభ్రం చేసే టూల్. 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్ పేరుతో మొదలై, గూగుల్ చేతికి వెళ్ళి గూగుల్ రిఫైన్ అయి, 2012లో గూగుల్ వదిలేశాక జనం చేతికి వచ్చింది. బ్రౌజర్‌లో కనిపిస్తుంది గానీ పని మొత్తం మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, డేటా ఎక్కడికీ పోదు (వికీడేటాతో పోల్చమన్నప్పుడు ఆ పేర్లు మాత్రం బయటికి వెళ్తాయి). లైబ్రరీలో పనిచేసేవాళ్ళకి, పాత జాబితాలు దగ్గరున్నవాళ్ళకి నేను మొదట చెప్పేది దీని గురించే. ‘శ్రీ శ్రీ’, ‘శ్రీశ్రీ’, ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అని ఒకే కాలమ్‌లో మూడు రకాలుగా ఉన్నాయనుకోండి. ఫాసెట్ (కాలమ్‌లోని వేర్వేరు విలువల జాబితా) పెడితే ప్రతి పేరూ ఎన్నిసార్లు ఉందో పక్కన అంకెతో కనిపిస్తుంది, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ఇంతవరకూ మామూలే. అసలు పని రీకన్సైల్ దగ్గర. కాలమ్‌లోని ప్రతి పేరునీ వికీడేటాకి పంపి, ఇది ఫలానా ఐటమ్ కావచ్చు అని స్కోరుతో సహా తెస్తుంది, మీరు ఒప్పుకుంటే ఆ పేరుకి క్యూ నంబరు అతుక్కుంటుంది. అక్కణ్ణుంచి పుట్టిన తేదీ, ఊరు, రాసిన భాష, ఏది కావాలంటే అది కొత్త కాలమ్‌గా లాక్కోవచ్చు.

మామూలుగా ఇది ఇంగ్లీషులో వెతికే సర్వీసుతో వస్తుంది, తెలుగు పేర్లు పంపితే జవాబులు అంతంతమాత్రం. ఆ సర్వీసు అడ్రస్‌లో ఇంగ్లీషు కోడ్ ఉన్నచోట తెలుగు కోడ్ పెట్టి కొత్త సర్వీసుగా జోడించుకోండి, అప్పుడు తెలుగు లేబుల్స్ చూసి, ఫలితాలు కూడా తెలుగులో ఇస్తుంది. ఇది మెనూల్లో ఎక్కడా పెద్ద అక్షరాల్లో రాసి ఉండదు. మనుషుల పేర్లయితే రకం దగ్గర ‘మనిషి’ అని తప్పకుండా ఎంచుకోండి, లేకపోతే ఇంటిపేరుకీ మనిషికీ ఊరికీ తేడా లేకుండా అన్నీ వచ్చి పడతాయి, మన ఇంటిపేర్లు సగం ఊళ్ళ పేర్లే కదా. స్కోరు 100 వచ్చిందని గుడ్డిగా ఒప్పుకోవద్దు, ఒకే పేరున్న ఇద్దరు రచయితలు ఉంటే రెండిటికీ 100 వస్తుంది, పుట్టిన సంవత్సరం కాలమ్ కూడా జతచేసి పంపితే అప్పుడు విడిపోతాయి. 2018లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి మీ టేబుల్‌ని తిరిగి వికీడేటాలోకి ఎక్కించే వీలు కూడా ఉంది. అది బాధ్యతతో చేయాల్సిన పని, ఆధారం లేని వాక్యాలు వేలకొద్దీ ఎక్కించేస్తే శుభ్రం చేసేవాళ్ళు మనలాంటి వాలంటీర్లే.

ఇక ప్రొటెజే. స్టాన్‌ఫర్డ్ వాళ్ళది, మూలాలు 1980ల నాటివి, ఉచితం. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ‘ఏముంది’ అని రాయడానికి, అడగడానికి. ‘దాన్నిబట్టి ఇంకేం తేలుతుంది’ అని అడగాలంటే ఔల్ భాష కావాలి, ఔల్ రాయడానికి ఇంతకంటే మంచి ఉచిత టూల్ లేదు. దీనికి మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన పిజ్జా ట్యుటోరియల్ చాలా ప్రసిద్ధి. దాన్ని పూర్తిగా చేయండి, మధ్యలో వదలొద్దు, ఎందుకంటే అసలు విషయం సగం దాటాక వస్తుంది. మార్గరీటా పిజ్జా మీద చీజ్ ఉంది, టమాటా ఉంది అని రాస్తారు. మాంసం, చేప లేనిది శాకాహార పిజ్జా అని ఇంకోచోట నిర్వచిస్తారు. రీజనర్ నడుపుతారు. మార్గరీటా శాకాహారంలో చేరదు! ఎందుకు చేరలేదంటే, చీజ్, టమాటా ఉన్నాయని చెప్పాం గానీ ఇంకేమీ లేవని చెప్పలేదు. చెప్పనిది లేదని అనుకోవడం డేటాబేస్‌ల పద్ధతి, ఇక్కడ చెప్పనిది తెలియదు, అంతే. ‘ఇవి తప్ప మరేవీ లేవు’ అని ఇంకో వాక్యం చేర్చి మళ్ళీ రీజనర్ నడిపితే మార్గరీటా తన చోటికి వచ్చి కూర్చుంటుంది. ఔల్ నేర్చుకోవడమంటే ఈ ఒక్క సంగతి ఒంటబట్టడమే. అదే ట్యుటోరియల్లో ఐస్‌క్రీమ్ ఉదాహరణ కూడా జాగ్రత్తగా చూడండి. టాపింగ్ అనే సంబంధం పిజ్జాలకి సంబంధించినది అని డొమైన్ పెడితే, ఐస్‌క్రీమ్‌కి టాపింగ్ ఉందని రాసినప్పుడు మెషీన్ ‘తప్పు’ అనదు, ఐస్‌క్రీమ్ కూడా పిజ్జాయే అని తేలుస్తుంది. పిజ్జా, ఐస్‌క్రీమ్ వేర్వేరని ముందే చెప్పి ఉంటేనే తేడా పట్టుకుంటుంది. కాలేజీలో డేటాబేస్ నిబంధనలు నేర్చుకున్నవాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, అందుకే డేటాతో కొంత తిరిగాక రమ్మంటున్నాను.

డేటా సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేయడానికి ఔల్ పనికిరాదు, దానికి 2017లో షాకల్ అని వేరే ప్రమాణం వచ్చింది. ప్రతి పుస్తకానికీ ఒక్క పేరైనా ఉండాలి, సంవత్సరం అంకె అయి ఉండాలి లాంటి నిబంధనలు అందులో రాస్తారు. జెనాలో దానికీ కమాండ్ ఉంది, పైథాన్‌లో పైషాకల్ ఉంది. ఆఫీసుల్లో ఆంటాలజీ పేరుతో చేయించుకునే పనిలో చాలాభాగం నిజానికి షాకల్ చేయాల్సిన పని. పాఠాల్లో దీనికి ఎందుకో చోటు తక్కువ, ఉండాల్సినంత ఉంటే ఎంతమంది టైమ్ ఆదా అయ్యేదో.

ప్రొటెజేలో తెలుగు గురించి: క్లాసుల పేర్లని అడ్రస్‌లోనే తెలుగులో రాయాలన్న ఉత్సాహం వద్దు. రాయడానికి అనుమతి ఉంది గానీ, కాపీ చేసినప్పుడల్లా అది శాతం గుర్తుల చాంతాడుగా మారిపోయి ఎవరికీ చదవరాదు. అడ్రస్ ఇంగ్లీషు అక్షరాల్లోనో నంబర్లలోనో పెట్టి, లేబుల్ తెలుగులో ఇచ్చి, స్క్రీన్ మీద లేబుల్సే చూపించమని సెట్టింగ్స్‌లో పెట్టుకోండి. వికీడేటా చేసేదీ అదే.

డీబీపీడియా 2007 నుంచీ ఉంది, వికీపీడియా ఇన్ఫోబాక్సుల (వ్యాసం పక్కనుండే సమాచార పెట్టెల) నుంచి తీసిన డేటా, చరిత్రలో దాని స్థానం పెద్దది. తెలుగు పని కోసమైతే ఇప్పుడు వికీడేటా ఉండగా దాని దగ్గరికి వెళ్ళే అవసరం తక్కువ.

పెయిడ్ కోర్సుల సంగతి. ఒక ఆన్‌లైన్ కోర్సు నేనూ డబ్బు కట్టి చూశాను, పేరు అనవసరం. మొదటి మూడు వంతులు స్లైడ్లే, సెమాంటిక్ వెబ్ పొరల కేక్ బొమ్మ, నిర్వచనాలు, చివర్లో ఒక్క క్వెరీ, అది కూడా అప్పటికే పనిచేయని సర్వర్ మీద. అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు. కట్టేముందు సిలబస్‌లో మొదటి స్పార్కల్ క్వెరీ ఎన్నో పాఠంలో ఉందో చూడండి, రెండో పాఠం దాటితే కట్టొద్దు. జర్మనీలోని హాసో ప్లాట్నర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఓపెన్‌హెచ్‌పీఐలో నాలెడ్జ్ గ్రాఫ్‌ల మీద ఉచిత కోర్సులు ఉన్నాయి, పద్ధతిగా చెప్పేవాళ్ళు కావాలంటే అవి చాలు. స్పార్కల్ 1.1 ప్రమాణం పత్రాన్ని కూడా రిఫరెన్సుగా పక్కన పెట్టుకోండి, ప్రతి విషయానికీ ముందు డేటా, తర్వాత క్వెరీ, తర్వాత జవాబు అని మూడూ చూపిస్తుంది, ఆప్షనల్‌కీ ఫిల్టర్‌కీ మధ్య చిక్కుపడినప్పుడు నేను ఇప్పటికీ అదే తెరుస్తాను.

ఏఐ చాట్‌లతో క్వెరీలు రాయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది, నేను వద్దనను, వ్యాకరణం బాగానే రాస్తాయి, అర్థం కాని క్వెరీని విడమరిచి చెప్పమన్నా బాగానే చెబుతాయి. నంబర్ల దగ్గరే ప్రమాదం. ఏదో ఒక పీ నంబరు ధీమాగా పెట్టేస్తాయి, ఆ నంబరు ఇంకేదో సంబంధానిది అయ్యుంటుంది, క్వెరీ ఎర్రర్ లేకుండా నడుస్తుంది, జవాబు ఖాళీగానో తప్పుగానో వస్తుంది. తెలుగు పేర్ల క్యూ నంబర్లయితే మరీను. అలా వచ్చిన క్వెరీని క్వెరీ సర్వీస్ పెట్టెలో అతికించి, రన్ చేసేముందు ఒక్కో నంబరు మీదా మౌస్ పెట్టి అది ఏమిటో చదవండి, తేడా ఉన్నదాన్ని చెరిపి కంట్రోల్-స్పేస్‌తో మళ్ళీ ఎంచుకోండి.